జ్వరాల కాలం రాకముందే: వార్డు సిబ్బంది తమ మనసు విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

తొలకరి పడిన నెల రోజులకే జ్వరాల వార్డులు నిండడం మొదలవుతుంది. ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి ఒకే మంచం మీద ఇద్దరు పిల్లలను పడుకోబెట్టవలసి వస్తుంది. ఆ కాలం కోసం మనం సెలైన్లకు, వాటిని ఎక్కించే సూదులైన కాన్యులాలకు, పరీక్ష కిట్లకు జూన్‌లోనే ఇండెంటు పెడతాము. వాటిని వాడే మనిషి అక్టోబరు దాకా ఎలా నిలబడుతుందో మాత్రం ఆలోచించము. ఇరవై ఏళ్లకు పైగా పిల్లల వార్డులో నర్సుగా పనిచేసిన అనుభవంతో, ఆ ఆలోచన కూడా ఇప్పుడే చేయాలని తోటి సిబ్బందిని కోరుతున్నాను.

పని ఎక్కువై, చేతులు చాలక, అధికారులతో విసిగి వచ్చే నీరసం వేరు. రోగుల బాధను రోజూ అతి దగ్గరగా చూడడం వల్ల మనసులోని కరుణే అలసిపోవడం వేరు. ఈ రెండోదాన్ని కంపాషన్ ఫెటీగ్ అంటారు. 1992లో అమెరికాలో కార్లా జాయిన్సన్ నర్సుల గురించి రాస్తూ ఈ మాటను వాడారు. మొదటిది మెల్లగా పేరుకుంటుంది, రెండోది ఒక్క మరణంతోనైనా మొదలుకావచ్చు. నాలుగు రోజులు సెలవు పెట్టినంత మాత్రాన అది పోకపోవచ్చు, ఎందుకంటే వార్డులో చూసినది మనతోపాటు ఇంటికి వస్తుంది.

ఒక సెప్టెంబరులో తెల్లవారుజామున నాలుగు గంటలకు ఏడేళ్ల పాప మా చేతుల్లోనే పోయింది. పది నిమిషాల్లో దుప్పటి మార్చి, అదే మంచం మీదికి ఇంకొక పిల్లవాడిని తెచ్చారు. నేను వాడి పేరైనా అడగకుండా నరం వెతకడం మొదలుపెట్టాను. "అమ్మా, చెయ్యి అంత గట్టిగా పట్టుకోకండి" అని వాళ్లమ్మ మెల్లగా అనేదాకా, నేను ఎంత బిగించి పట్టుకున్నానో నాకు తెలియలేదు.

ఇలాంటి గుర్తులను ముందే తెలుసుకుని ఉండాలి. రోగుల వెంట ఉండే బంధువులు ఎదురొస్తుంటే అవసరం లేకపోయినా కేస్ షీటు తీసి చూడడం, ఇంట్లో సొంత బిడ్డకు జ్వరమొస్తే "ఇదీ ఒక జ్వరమేనా" అని కసరడం, లేదా అర్ధరాత్రి లేచి ఆ బిడ్డ నుదురు పదేపదే తాకి చూడడం, ఇవన్నీ ఆ అలసట గుర్తులే. దీని నష్టం మనతో ఆగదు. డెంగీలో సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, జ్వరం దిగుతున్నప్పుడే అసలు ప్రమాదం మొదలవుతుంది. "జ్వరం తగ్గింది కదా, పంపించేయండి" అని అడిగే ఇరవయ్యో తల్లికి మనం ముక్తసరిగా జవాబిస్తే, ఆమె ఇంకేమీ చెప్పకుండా వెనక్కి వెళ్లిపోతుంది. బిడ్డకు కడుపునొప్పి వస్తోందని, వాంతులు ఆగడం లేదని, కాళ్లు చేతులు చల్లబడ్డాయని, మూత్రం తగ్గిందని ముందుగా గమనించేది ఆ తల్లే. ఆమె మాట్లాడడం మానేస్తే మనకు అందవలసిన మొదటి హెచ్చరిక పోయినట్లే.

అందువల్ల జాగ్రత్త డ్యూటీ రోస్టరుతోనే మొదలుకావాలి. విషమంగా ఉన్న పిల్లల మంచాలను వరుసగా వారాల తరబడి ఒకే నర్సుకు అప్పగించకూడదు. నైట్ డ్యూటీల తరువాతి ఆఫ్‌ను జ్వరాల పేరుతో రద్దు చేయకూడదు. మరణం జరిగిన మంచం చూసుకున్న నర్సుకు వెంటనే కొత్త అడ్మిషన్ ఇవ్వకుండా, పది నిమిషాలైనా పక్క నర్సు ఆ పనిని అందుకోవాలి. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో జోనాథన్ బార్టెల్స్ అనే నర్సు, రోగి మరణించాక సిబ్బంది అందరూ కొద్ది క్షణాలు మౌనంగా నిలబడే పద్ధతిని మొదలుపెట్టారు. మన వార్డుల రద్దీలోనూ అంత సమయం దొరుకుతుంది. మరణవార్త చెప్పే పనిని హౌస్ సర్జన్ ఒక్కరి మీద వదిలేయకుండా, పెద్ద డాక్టరు ఒకరు, నర్సు ఒకరు పక్కన ఉండాలి.

ఈ అలసటను అంచనా వేసుకోవడానికి, గత 30 రోజుల అనుభవాన్ని 30 ప్రశ్నలతో అడిగే ప్రోక్వాల్ అనే ప్రశ్నావళి ఉంది. సీజనుకు ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి ఎవరికి వారు దాన్ని నింపుకోవచ్చు. ఆ కాగితాన్ని పైఅధికారులు అడగకూడదు. నిద్ర పట్టకపోవడం రెండు వారాలు దాటినా, బతకాలనిపించకపోయినా, వార్డులోని మత్తు ఇంజెక్షన్‌ను సొంతానికి వాడుకోవాలన్న తలంపు ఒక్కసారి వచ్చినా, అదే రోజు సైకియాట్రిస్టును కలవాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఈ ఏర్పాట్లలో ఆయాలను, వార్డు బాయ్‌లను మరిచిపోవడం మనకు అలవాటైపోయింది. బిడ్డను తల్లి ఒడిలోంచి తీసుకుని మార్చురీ దాకా మోసుకెళ్లేది వాళ్లే. ఈసారి డ్యూటీ అప్పగించే హ్యాండోవర్ సమయంలో వాళ్లకూ కుర్చీ వేసి, రాత్రి ఎలా గడిచిందని ముందు వాళ్లనే అడగండి.