హౌస్ సంగీతంలో మోటుదనం చెడకుండా ట్రాక్ చేయడం

షికాగో క్లబ్బుల్లో పుట్టిన ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతమైన హౌస్‌ను, దాని తొలినాటి రూపంలో అనుసరించదలచినవారు చాలామంది ముందుగా పాత రికార్డుల గరగరను అనుకరించే సాఫ్ట్‌వేర్ కొంటారు. అది వృథా ఖర్చు. 1980ల మధ్యలో షికాగోలో వెలువడిన ఆ రికార్డుల్లోని గరగర ఎవరూ కోరి తెచ్చుకున్నది కాదు. చవక పరికరాల వల్ల, ఇంటి గదుల్లో చేసిన రికార్డింగుల వల్ల, నాసిరకం వినైల్ వల్ల వచ్చిపడినది. మనం అందుకోవలసినది కొద్దిపాటి సామగ్రితో త్వరగా ట్రాక్ ముగించి, ఆలస్యం చేయకుండా జనం మధ్య వాయించి చూసే పద్ధతిని.

ఒక డ్రమ్ మెషిన్, ఒక బేస్ సింథసైజర్, తీగలు మీటినట్టో ఆర్గన్‌లానో మోగే మరో సింథసైజర్ చాలు. కంప్యూటరే ఉంటే అందులోనూ ఈ మూడింటికే పరిమితం కావాలి. వేగం నిమిషానికి 120 బీట్ల దగ్గర ఉంచి, ప్రతి బీట్‌పై కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ), రెండు, నాలుగు బీట్లపై క్లాప్ (చప్పట్ల ధ్వని), బీట్ల నడుమ తెరిచిన హై-హ్యాట్ (జంట తాళాల ధ్వని) పెట్టండి. షఫుల్‌ను, అంటే బీట్ల నడుమ దెబ్బలను కాస్త ఆలస్యంగా పడేలా చేసే అమరికను, కొద్దిగానే పెంచండి, ఎక్కువైతే నడక కుంటుతుంది. కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తి) ఒక్కటే ఎంచుకుని, దాని ఆకారం మార్చకుండా పైకీ కిందికీ జరపండి. సంగీత శాస్త్రం తెలిసినవారికి మోటుగా తోచినా, ఈ సంగీతానికి ఆ రుచి అలా వచ్చినదే. వేళ్లు సాగనివారు వేగం తగ్గించి వాయించుకుని, రికార్డయ్యాక పెంచవచ్చు. 1986లో షికాగో నిర్మాత మార్షల్ జెఫర్సన్ ‘మూవ్ యువర్ బాడీ’ ట్రాక్‌లోని పియానోను అలాగే చేశారు.

బేస్ విషయంలో మాత్రం తొందరపడకూడదు. రోలాండ్ సంస్థ టీబీ-303 అనే బేస్ సింథసైజర్‌ని బేస్ గిటారుకు బదులుగా పనికివస్తుందని తయారుచేసింది. అలా ఎవరికీ నచ్చక అది సెకండ్‌హ్యాండ్ దుకాణాలకు చేరింది. దాన్ని చవకగా సంపాదించిన షికాగోకు చెందిన ఫ్యూచర్ బృందంవారు (డీజే పియర్, స్పాంకీ, హెర్బ్ జే) స్వరాలను అలాగే తిరగనిచ్చి, పైనున్న మీటలను చేత్తో తిప్పుతూ పోయారు. 1987లో విడుదలైన ‘యాసిడ్ ట్రాక్స్’ పదకొండు నిమిషాలకు పైగా సాగినా, అందులో మారేది ప్రధానంగా ఫిల్టరే, అంటే ధ్వనిలోని పదునైన పై భాగాన్ని తగ్గించే అమరికే. కాబట్టి ఒక్క బార్ (నాలుగు బీట్లు) పొడవున్న బేస్‌లైన్‌ను పది నిమిషాలు తిరగనిచ్చి, కటాఫ్ (ఫిల్టర్ ఎక్కడి నుంచి కోయాలో చెప్పేది), రెజొనెన్స్ (ఆ కోత దగ్గరి ధ్వనిని పెంచేది) మీటల్లో ఒకసారికి ఒక్కదాన్నే, కనీసం ఎనిమిది బార్ల పాటు నెమ్మదిగా కదపండి. ఆ కదలికను తెరపై మౌస్‌తో గీస్తే చేతి తడబాటు పోతుంది. ఆ తడబాటే మనకు కావలసినది.

వాయిద్యాలను విడివిడిగా రికార్డు చేసి తర్వాత పేర్చడం కన్నా, అన్నింటినీ కలిపి ఒకే స్టీరియో రికార్డింగుగా తీసుకోవడం మేలు. మ్యూట్ బటన్లతో ఒక్కో ధ్వనిని తెస్తూ, తీస్తూ మూడుసార్లు చేసి, ఒకదాన్ని ఎంచుకోండి. కోతలు నిషిద్ధమని కాదు: షికాగోలోని వేర్‌హౌస్ క్లబ్‌లో డీజే ఫ్రాంకీ నకుల్స్ డిస్కో పాటలను టేపు కోసి అతికి పొడిగించేవారు, హౌస్ అన్న పేరు కూడా ఆ క్లబ్ పేరు నుంచి వచ్చినదేనని ఎక్కువమంది అంటారు. అయితే ఆ కోతలు బాగున్న చోటును మరింత సాగదీయడానికే గాని, తప్పులు దిద్దడానికి కాదు.

చివరి పరీక్ష డాన్స్ ఫ్లోర్ మీదే. షికాగోలోని మ్యూజిక్ బాక్స్ క్లబ్‌లో డీజే రాన్ హార్డీ ‘యాసిడ్ ట్రాక్స్’ మొదటిసారి వాయించినప్పుడు జనం తప్పుకున్నారనీ, అదే రాత్రి నాలుగోసారికి వెర్రెత్తిపోయారనీ డీజే పియర్ చెబుతారు. అందువల్ల మీ ట్రాక్‌ను ఒక్కసారి వాయించి తీర్పు చెప్పకండి. ఒకే రాత్రి వేర్వేరు వేళల్లో రెండు మూడుసార్లు వేసి, కాళ్లను గమనించండి. ఇంటికి వచ్చాక, వేసిన ప్రతిసారీ జనం ఆగిపోయిన చోటును మాత్రమే కోయండి, వాళ్లు కేకలు వేసిన చోట మీ చెవికి తప్పుగా వినిపించినదాన్ని ముట్టుకోవద్దు.