పాత పికప్ పెట్రోలు ట్యాంకు దించే ముందు జాగ్రత్తలు

పెట్రోలు మీటరు సరిగా చూపించట్లేదా? అసలు తప్పు సెండర్‌దేనా (ట్యాంకులో ఉండి పెట్రోలు మట్టాన్ని మీటరుకు చెప్పే పరికరం) అని ముందు చూడండి. చాలాసార్లు తుప్పుపట్టిన ఎర్త్ వైరే మీటరు ముల్లును పడుకోబెడుతుంది. అదైతే ట్యాంకు ముట్టుకోనక్కర్లేదు.

– బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయండి.

– పెట్రోలు వీలైనంత తోడేయండి. 40 లీటర్లంటే దాదాపు 30 కిలోలు. ట్యాంకును పట్టి ఉంచే పట్టీలు వదులవగానే బరువంతా ఒక పక్కకు ఒరుగుతుంది. ట్యాంకు కింద జాకీ, దానిమీద చెక్క పెట్టండి.

– పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలబారున పాకుతుంది. కాబట్టి గుంతలోకి దిగి ఈ పని వద్దు, వేడెక్కే బల్బూ వద్దు. ఖాళీ ట్యాంకులోనూ ఆవిరి ఉంటుంది, వెల్డింగ్ ఊసే ఎత్తకండి.

– సెండర్‌ను ట్యాంకుకు బిగించే లాక్ రింగును ఇత్తడి కడ్డీతో తట్టండి. ఇనుముతో కొడితే నిప్పురవ్వ లేస్తుంది.

– కొత్త ఓ-రింగ్ (సెండర్ దగ్గర పెట్రోలు కారకుండా ఆపే రబ్బరు రింగు) ముందే తెచ్చుకోండి. పాతది బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, నమ్మకండి.

– డ్రై పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందే దూరంలో ఉండాలి.