అమెరికా వెళ్లే కార్గోకి ఏకాస్ ఫైలింగ్: డెస్క్‌కి కొత్తగా వచ్చినవాళ్లకి

శంషాబాద్‌లో ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్ డెస్క్‌కి కొత్తగా వచ్చే పిల్లలకి కస్టమ్స్ అంటే భయం ఉంటుంది, కటాఫ్ అంటే టెన్షన్ ఉంటుంది. ఏకాస్ అంటే మాత్రం ఏమీ ఉండదు. ‘అది ఎయిర్‌లైన్ వాళ్లు చూసుకుంటారు కదా మేడమ్’ అంటారు. చూసుకుంటారు. కానీ వాళ్లు పంపేది మీరు టైప్ చేసిందే. లారీ ఇంకా పాశమైలారంలో లోడ్ అవుతుండగానే మీ హౌస్ ఎయిర్‌వే బిల్‌లోని (సరుకు పంపే కంపెనీకి ఫార్వార్డర్, అంటే సరుకుని ఎయిర్‌లైన్‌కి అప్పగించే మనలాంటి ఏజెన్సీ, ఇచ్చే రవాణా పత్రం) నాలుగు లైన్లు అమెరికా చేరిపోవచ్చు. ఆ పెట్టెని విమానం ఎక్కనివ్వాలా వద్దా అన్నది అక్కడి అధికారులు ఆ లైన్లు చూసే తేలుస్తారు. పెట్టె వాళ్లకి కనపడదు.

ఏకాస్ అంటే ఎయిర్ కార్గో అడ్వాన్స్ స్క్రీనింగ్. అమెరికా కస్టమ్స్ వ్యవహారాలు చూసే సీబీపీ, రవాణా భద్రత చూసే టీఎస్‌ఏ కలిసి నడుపుతాయి. ఇది ఎందుకు వచ్చిందో తెలిస్తే రూల్ బట్టీ పట్టక్కర్లేదు. 2010 అక్టోబర్‌లో యెమెన్ నుంచి రెండు పార్సిళ్లు చికాగో అడ్రసులతో బయల్దేరాయి. ప్రింటర్ల టోనర్ కార్ట్రిడ్జ్‌లలో పేలుడు పదార్థం కూరారు. సౌదీ నిఘా వాళ్లు ముందే చెప్పబట్టి ఒకటి దుబాయ్‌లో, ఇంకొకటి ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మిడ్‌ల్యాండ్స్ ఎయిర్‌పోర్టులో దొరికాయి. ఈస్ట్ మిడ్‌ల్యాండ్స్‌లో మొదటిసారి వెతికితే బాంబు కనపడనే లేదు, మళ్లీ వెతికితే దొరికింది. అప్పట్లో మనలాంటి దూర దేశాల నుంచి వచ్చే కార్గో మానిఫెస్ట్ (విమానంలోని సరుకుల జాబితా) విమానం దిగడానికి 4 గంటల ముందు చేరితే చాలు. బాంబు గాల్లో ఉండగా కాగితం చేరి ఏం లాభం? అందుకే అదే ఏడాది డిసెంబర్‌లో పైలట్‌గా ఏకాస్ మొదలుపెట్టారు. 2018 జూన్ 12 నుంచి తప్పనిసరి చేశారు. పాత 4 గంటల మానిఫెస్ట్ పోలేదు, అదీ ఇవ్వాలి. ఏకాస్ దానికి ముందు మెట్టు: అమెరికాలో దిగే విమానంలోకి సరుకు ఎక్కించేలోపు, వీలైనంత ముందుగా.

దోహా మీదుగానో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో వెళ్లే సరుకైతే ‘అక్కడ ఎక్కించేటప్పుడు కదా’ అని ఆగకండి. హబ్‌లో (విమానం మారే ఎయిర్‌పోర్టులో) ఆగిపోయిన సరుకుని ఇక్కడి నుంచి సరిచేయడం నరకం. అందుకే ఎయిర్‌లైన్లు డేటా హైదరాబాద్‌లోనే అడుగుతాయి. టెంపరేచర్ కంట్రోల్ ఉన్న మందులైతే హబ్‌లో ఒక్క రాత్రి ఆగినా ఫ్యాక్టరీ క్వాలిటీ వాళ్ల ఫోన్లు మొదలవుతాయి.

తప్పనిసరి వివరాలు ఆరే: షిప్పర్ పేరు, అడ్రస్; కన్‌సైనీ (సరుకు అందుకునేవాళ్లు) పేరు, అడ్రస్; సరుకు వివరం; ప్యాకెట్ల సంఖ్య; బరువు; ఎయిర్‌వే బిల్ నంబర్. మాస్టర్ (ఎయిర్‌లైన్ ఫార్వార్డర్‌కి ఇచ్చే ఎయిర్‌వే బిల్) నంబర్ కొన్ని సందర్భాల్లో అడుగుతారు. ఆరే కదా అని తేలిగ్గా తీసుకుంటే వాటిలోనే ఇరుక్కుంటారు.

హౌస్‌లో షిప్పర్ అంటే నిజంగా సరుకు పంపుతున్న కంపెనీ. మాస్టర్ మీద మన ఫార్వార్డర్ పేరు, అమెరికాలో మన ఏజెంట్ పేరు ఉంటాయి, అది మామూలే. హౌస్‌లో కూడా అవే కాపీ చేస్తే అసలు ఎవరు ఎవరికి పంపుతున్నారో ఎవరికీ తెలియదు. మనుషులు పంపుకునే పార్సిళ్లలో ఇంకో చిక్కు ఉంది. మనవాళ్లు ఇంటిపేరుని పొడి అక్షరాల్లో దాచేస్తారు. ‘కె.వి.ఎస్. రావు’ అంటే ఏ రావు అని వాళ్లు ఎక్కడ వెతుక్కుంటారు? గుర్తింపు కార్డులో ఉన్నట్టు పేరు పూర్తిగా రాయించుకోండి. అడ్రస్ కూడా అంతే. ‘హనుమాన్ గుడి ఎదురుగా, పాలకేంద్రం సందు’ అన్నది ఇక్కడి డెలివరీ అబ్బాయికి పనికొస్తుంది, వాషింగ్టన్‌లో పనికిరాదు. డోర్ నంబర్, వీధి, ఊరు, పిన్‌కోడ్ దేని గడిలో దాన్ని రాయండి. అమెరికా అడ్రస్‌కి రాష్ట్రం, జిప్‌కోడ్ తప్పకూడదు.

సరుకు వివరం దగ్గర నేను కొంచెం కఠినంగానే ఉంటాను. ‘కన్సాలిడేషన్’, ‘జనరల్ కార్గో’, ‘గిఫ్ట్’, ‘స్పేర్ పార్ట్స్’, ‘కెమికల్స్’ లాంటి మాటలు నా డెస్క్ దాటవు. ‘ఫార్మాస్యూటికల్స్’ అని రాసినా వెనక్కి ఇస్తాను. అందులో మాత్ర ఉందా, ఇంజెక్షనా, డ్రమ్ములో ముడి పొడి ఉందా? ‘మెట్‌ఫార్మిన్ హైడ్రోక్లోరైడ్ మాత్రలు’ అని రాస్తే కెమిస్ట్రీ రానివాడు కూడా వెతుక్కుని తెలుసుకోగలడు. ‘ఫుడ్ ఐటమ్స్’ బదులు ‘మామిడికాయ పచ్చడి, ప్లాస్టిక్ జాడీలు’ అనండి. ‘మెషినరీ’ బదులు ‘పంపు షాఫ్ట్, స్టీలు’ అనండి. ఫ్యాక్టరీ ఇన్వాయిస్‌లో ప్రొడక్ట్ కోడ్ మాత్రమే ఉంటే అక్కడే ఆగి ఫోన్ చేసి అడగండి. చిరాకు పడతారు, పర్లేదు. వివరం చదివినవాడి కళ్లముందు ఒక వస్తువు కనపడాలి. కనపడకపోతే అది ఇంకా వివరం కాలేదు.

ప్యాకెట్ల లెక్కలో బయటికి కనిపించే అతి చిన్న ప్యాకింగ్ యూనిట్ లెక్క. 2 ప్యాలెట్లు, ఒక్కోదాని మీద 50 కార్టన్లు ఉంటే మీరు రాయాల్సింది 100, 2 కాదు. ప్లాస్టిక్ చుట్టేశారు కాబట్టి ఒకటే పీస్ అని వాదించకండి. బరువు గడిలో గ్రాస్ బరువే, అంటే ప్యాకింగ్‌తో కలిపి. ఫ్రైట్ లెక్క కోసం వేసుకున్న ఛార్జబుల్ వెయిట్‌ని కాపీ చెయ్యొద్దు. తూకంలో తర్వాత తేడా వస్తే డేటా మార్చి మళ్లీ పంపవచ్చు. నిజానికి మార్పు తెలిసిన వెంటనే పంపాలి కూడా.

ఎయిర్‌వే బిల్ నంబర్‌కి మాత్రం ఒక చిన్న లెక్క ఉంది, అది వేసుకోండి. మొదటి 3 అంకెలు ఎయిర్‌లైన్ కోడ్: ఎయిర్ ఇండియా 098, ఎమిరేట్స్ 176, లుఫ్తాన్సా 020. తర్వాత 8 అంకెలు. వాటిలో మొదటి 7 అంకెల సంఖ్యని 7తో భాగిస్తే మిగిలే శేషమే చివరి అంకె. 1234567ని 7తో భాగిస్తే శేషం 5, అంటే నంబర్ 12345675 అవ్వాలి. ఫోన్‌లో చెప్పిన నంబర్ రాసుకున్నప్పుడు ఇది చాలా తప్పులు పట్టిస్తుంది.

పంపిన తర్వాత జవాబు కోసం చూడండి. ఏ అడ్డూ లేకపోతే అసెస్‌మెంట్ పూర్తయిందని వస్తుంది. లేదంటే మూడు రకాల హోల్డ్‌లు. 6హెచ్ అంటే డేటా చాలలేదు, ఇంకా సమాచారం కావాలి. ఎక్కువగా పడేది మన డెస్క్ మీదే, ఎక్కువగా కారణం పైన చెప్పిన వివరమో అడ్రసో. అడిగింది మాత్రమే కాకుండా మొత్తం ఒకసారి చదివి పంపండి, లేకపోతే రెండో ప్రశ్న వస్తుంది. 7హెచ్ అంటే స్క్రీనింగ్. ‘ఇక్కడ టర్మినల్‌లో ఎక్స్‌రే అయిపోయింది కదా’ అంటే కుదరదు. అమెరికా ఆమోదించిన భద్రతా ప్రోగ్రాం ప్రకారం స్క్రీనింగ్ జరిగిందని ఎయిర్‌లైన్ జవాబివ్వాలి. ఆ పద్ధతులు రహస్యం, మనం అడగకూడదు, మనకి చెప్పరు. మన పని సరుకుని, కాగితాలని వెంటనే వాళ్లకి అందుబాటులో పెట్టడం.

8హెచ్ అంటే డూ నాట్ లోడ్. అది డాక్యుమెంట్ సమస్య కాదు. పెట్టెలో బాంబు ఉండొచ్చన్న అనుమానంతో పెట్టే ఆర్డర్. సరుకుని ఎవరూ కదపకూడదు, తెరవకూడదు. అధికారులు చెప్పినట్టు మాత్రమే చెయ్యాలి. దీని కోసమే ఫైల్ చేసేవాళ్లు 24 గంటలూ ఎత్తే ఫోన్ నంబర్ ఇవ్వాలని రూల్ పెట్టారు. ఆ నంబర్ ఆఫీసు ల్యాండ్‌లైన్ కాకుండా చూసుకోండి. రాత్రి ఫ్లయిట్లే ఎక్కువ, ల్యాండ్‌లైన్ సాయంత్రానికే నిద్రపోతుంది.

ఫార్వార్డర్ సొంతంగా ఏకాస్ ఫైల్ చేయవచ్చు, కానీ దానికి అమెరికా బాండ్ (తప్పులకి డబ్బు కడతామన్న హామీ పత్రం) ఉండాలి. తప్పులకి ఒక్కోదానికి 5,000 డాలర్ల దాకా ఆ బాండ్ మీద పడుతుంది. అందుకే చిన్న ఆఫీసులు ఎయిర్‌లైన్‌కి ఎఫ్‌డబ్ల్యూబీ (మాస్టర్ వివరాలు), ఎఫ్‌హెచ్‌ఎల్ (హౌస్ వివరాలు) మెసేజ్‌లు పంపి, ఫైలింగ్ వాళ్లకే వదిలేస్తాయి. మంచిదే. అయితే ఎఫ్‌హెచ్‌ఎల్ లేకుండా మాస్టర్ ఒక్కటే పంపితే ఏకాస్‌కి ఇచ్చినట్టు కాదు, హౌస్ వివరాలు కావాలి.

మన దేశం వైపు పని వేరు, దీంతో కలపొద్దు. బీసీఏఎస్ (విమాన భద్రత చూసే మన సంస్థ) రూల్స్ ప్రకారం స్క్రీనింగ్, కస్టమ్స్‌లో షిప్పింగ్ బిల్ (ఎగుమతి డిక్లరేషన్), లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ (ఎగుమతికి అనుమతి), తర్వాత ఎయిర్‌లైన్ ఫైల్ చేసే ఈజీఎం (విమానంలో వెళ్లిన ఎగుమతి సరుకు జాబితా). ఇక్కడొక చిట్కా: షిప్పింగ్ బిల్‌లో ఒక ప్యాకెట్ల సంఖ్య, ఎయిర్‌వే బిల్‌లో ఇంకో సంఖ్య ఉంటే ఈజీఎంలో ఎర్రర్ వస్తుంది, ఎక్స్‌పోర్టర్ ఐజీఎస్‌టీ రీఫండ్ ఆగుతుంది. సరుకు ఎప్పుడో న్యూజెర్సీలో అమ్ముడైపోయాక ‘రీఫండ్ ఏదీ’ అని ఫోన్ మీకే వస్తుంది. కార్టన్ల సంఖ్య మొదట్లోనే రెండు చోట్లా ఒకటిగా పెట్టండి.

యూరప్ మీదుగా వెళితే ఐసీఎస్2 (యూరోపియన్ యూనియన్ సరుకు వివరాలు ముందే అడిగే వ్యవస్థ) కూడా వర్తిస్తుంది, సరుకు అక్కడ దిగకుండా అమెరికా వెళ్లిపోయేదైనా సరే. మామూలు ఎయిర్ కార్గోకి ఇది 2023 మార్చి 1 నుంచి ఉంది. దానికి 6 అంకెల హెచ్‌ఎస్ కోడ్ (సరుకు రకాన్ని చెప్పే అంతర్జాతీయ కోడ్) కావాలి, కాబట్టి ప్రతి హౌస్‌కీ ముందే రాసి పెట్టుకోండి.

2024 జూలైలో జర్మనీలోని లైప్‌జిగ్‌లో, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో కొరియర్ పార్సిళ్లకి మంటలు అంటుకున్నాయి. ఆ ఏడాదే అమెరికా ఏకాస్‌లో మరిన్ని వివరాలు అడగడం మొదలుపెట్టింది: ఫోన్ నంబర్లు, ఈమెయిల్, కస్టమర్ అకౌంట్ వివరాలు వంటివి. వీటిలో మీ సరుకుకి ఏవి కావాలో ఆ ఎయిర్‌లైన్ స్టేషన్ ఆఫీసు రాతపూర్వకంగా ఇచ్చిన లిస్టే చూడండి. గ్రూపుల్లో తిరిగే పాత ఎక్సెల్ షీట్లని నమ్మొద్దు, వాటిలో తేదీ కూడా ఉండదు.