బంకులో కారు దిగండి, మెషిన్ ముందు నిలబడండి

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఏ బంకులోనైనా కాసేపు నిలబడి చూడండి. కార్లలో వచ్చేవాళ్లు చాలామంది అద్దం సగం దించి "వెయ్యికి కొట్టు తమ్మీ" అనేసి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. బైకు వాళ్లకు ట్యాంక్ కళ్ల ముందే ఉంటుంది కాబట్టి ఎంతో కొంత చూస్తారు, కారుకేమో మూత వెనకెక్కడో, మెషిన్ ఇంకోపక్క. అందుకే నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇదే, ఇంజిన్ ఆపి కారు దిగండి. మిగతా జాగ్రత్తలన్నీ దిగినవాళ్లకే పనికొస్తాయి.

దిగాక మెషిన్ మీద జీరో ఒక్కటే చూస్తే సరిపోదు, లీటర్ రేటు కూడా చూడండి. 2017 జూన్ నుంచి రేట్లు ఏ రోజుకారోజు మారే పద్ధతి వచ్చింది, పైగా మామూలు పెట్రోల్ అడిగితే ప్రీమియం కొట్టే చోట్లు ఉన్నాయి, తేడా రేటులోనే దొరికిపోతుంది. అసలు మోసం జరిగేది మాత్రం మధ్యలో ఆపినప్పుడు. మీరు వెయ్యి అంటారు, రెండు వందల దగ్గర ఆపేసి "రెండొందలే అన్నారు కదా సార్" అంటాడు, కాదనగానే "సరే, మిగతా ఎనిమిది వందలు కొడతా" అని జీరో చేయకుండానే మొదలుపెట్టి మెషిన్‌లో ఎనిమిది వందలు పడగానే ఆపేస్తాడు, మీరు వెయ్యి కట్టి వచ్చేస్తారు. ఎప్పుడైనా మధ్యలో ఆగితే అప్పటిదాకా పడినదానికి డబ్బు కట్టేసి, మళ్లీ జీరో చేయించి మొదలుపెట్టించండి. బంకుల్లో పనిచేసే పిల్లలందరూ ఇలాంటివాళ్లు కాదు, ఎండలో రోజంతా నిలబడి కష్టపడేవాళ్లే ఎక్కువ, కాబట్టి గొడవ పడకుండా మర్యాదగానే అడగండి.

వందకు బదులు నూటపదికి కొట్టిస్తే, పొద్దున్నే కొట్టిస్తే ఎక్కువ వస్తుందని మనవాళ్లు గట్టిగా నమ్ముతారు. మీరు ఏ అంకె చెప్పినా మెషిన్ కొలిచే తీరు మారదు. ట్యాంకులు భూమిలో ఉంటాయి కాబట్టి పొద్దుటికీ మధ్యాహ్నానికీ పెట్రోల్ వేడిలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు.

ట్యాంక్ ఫుల్ చేయించే అలవాటు మంచిదే, కానీ టక్‌మని నాజిల్ ఆగిపోయాక ఇంకొక్క చుక్క కూడా వద్దనండి. రౌండ్ ఫిగర్ కోసం ఆ కుర్రాడు ఇంకో రెండు మూడు సార్లు నొక్కుతాడు. ఫోన్‌పే చేసే రోజుల్లో రౌండ్ ఫిగర్‌తో పనేముంది, 2,347 అయితే అంతే కట్టొచ్చు. ట్యాంకులో పైన ఖాళీ వదిలేది ఆవిరి కోసం. పెట్రోల్ పది డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక శాతం ఉబ్బుతుంది, మన మే నెల ఎండలో కారు బయట పెడితే ఆ ఖాళీ ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. గొంతు దాకా నింపితే ఆవిరిని పట్టే బొగ్గు డబ్బాలోకి పెట్రోల్ పోయి అది పాడవుతుంది, మార్చాలంటే ఖర్చు.

ఫుల్ చేయించినప్పుడు ట్రిప్ మీటర్ జీరో చేయండి. మళ్లీసారి వీలైతే అదే బంకులో, నాజిల్ ఆగేదాకా నింపించి, తిరిగిన కిలోమీటర్లను అప్పుడు పట్టిన లీటర్లతో భాగించండి. 412 కిలోమీటర్లు తిరిగాక 25.75 లీటర్లు పట్టిందంటే లీటరుకు 16. ఇలా రాసుకుంటూ పోతే బంకులో తేడానా, బండిలో తేడానా అన్నది కొన్నాళ్లకు మీకే తెలుస్తుంది.

కొలత మీద అనుమానం వస్తే తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న అయిదు లీటర్ల కొలపాత్రలో పట్టి చూపించమనండి. అది ప్రతి బంకులో ఉండాలి, 25 మిల్లీలీటర్లకు మించి తగ్గకూడదు. కల్తీ అనుమానమైతే ఫిల్టర్ పేపర్ అడిగి, నాజిల్ మూతి తుడిపించి ఒక చుక్క వేయించండి, మంచి పెట్రోల్ రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోతుంది. కాదంటే బిల్లు తీసుకోండి, ఫిర్యాదుల పుస్తకంలో రాయండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. గాలి కూడా ఫ్రీయే, అడగడానికి మొహమాటం వద్దు.

వానాకాలం ఇంకాస్త జాగ్రత్త. ఇప్పుడు వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, దానికి నీళ్లు తగిలితే రెండూ కలిసి అడుక్కి దిగిపోతాయి. 2023 జూలైలో మన కాలనీలు మునిగాయి కదా, అలా నీళ్లు నిలిచిన చోట బంకుకు కొన్నాళ్లు వెళ్లకండి. ట్యాంకర్ దింపుతుంటే అడుగున ఉన్నదంతా కదులుతుంది, పక్క బంకు చూసుకోండి.

మేడారం జాతరకు కారులో పోయేవాళ్లు హనుమకొండలోనే ఫుల్ చేయించుకోండి. ములుగు దాటాక బంకులు దూరం దూరంగా ఉంటాయి, పస్రా, తాడ్వాయి దారిలో జామ్ అయితే ఏసీ వేసుకుని గంటలకు గంటలు ఇంజిన్ ఆన్‌లోనే ఉంటుంది. మామూలు రోజుల్లోనూ రిజర్వ్ దాకా తేకండి, ట్యాంకులోని పంపును చల్లబరిచేది ఆ పెట్రోలే.

డీజిల్ బండి అయితే డీజిల్ అని నోటితో చెప్పండి, ఏ నాజిల్ తీస్తున్నాడో చూడండి. పొరపాటున వేరేది పడితే తాళం తిప్పనే తిప్పొద్దు, బండిని పక్కకు తోయించి మెకానిక్‌ను పిలవండి. ట్యాంక్ ఖాళీ చేయిస్తే అక్కడితో పోతుంది, స్టార్ట్ చేస్తే మాత్రం పంపు, ఇంజెక్టర్ల దాకా వెళ్లి ఖర్చు వేలల్లో అవుతుంది.