నర్సింగ్ సిమ్యులేషన్ – 3వ పాఠం: నల్లని చర్మం మీద బెడ్‌సోర్ (ఒత్తిడి వల్ల వచ్చే పడక పుండు) మొదటి దశ

గత పాఠంలో గులాబీ రంగు మానికిన్ (శిక్షణ బొమ్మ) నడుము కింద ఎర్రని మచ్చ వేశాం. వేలితో నొక్కితే తెల్లబడకపోతే స్టేజ్ 1 అన్నాం. చామనఛాయ, నల్లని ఒంటి మీద ఈ పరీక్షను నమ్ముకుంటే దెబ్బతింటాం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎరుపును కప్పేస్తుంది. ముదురు చర్మం మీద ఈ ఎరుపు వేరుగా కనిపించవచ్చని 2016లో సవరించిన స్టేజింగ్ (బెడ్‌సోర్ దశల) నిర్వచనమే చెబుతోంది. మన వార్డుల్లో ఎక్కువమందిది ఈ రంగే. ల్యాబు బొమ్మలు మాత్రం తెల్లవి.

అందుకే చర్మం మనమే చేసుకుందాం. జెలటిన్ పొడి, గ్లిజరిన్, వేడినీళ్లు రెండేసి టేబుల్ స్పూన్లు తీసుకోండి. గిన్నెను వేడినీళ్లలో ఉంచి ఉండలు లేకుండా కరిగించండి. కావలసిన ఛాయ వచ్చేదాకా కోకో పొడి చిటికెడు చొప్పున కలిపి, ప్లేటులో పలుచగా పోయండి. గట్టిపడ్డాక మధ్యలో 4 సెం.మీ. మేర కాస్త ముదురు గోధుమ రంగు, నీలి ఛాయ అద్దండి. ఊదా ఎక్కువైతే అది డీప్ టిష్యూ ఇంజురీలా (చర్మం కింది కణజాలం దెబ్బతిన్నట్టు) కనిపిస్తుంది, పాఠమే మారిపోతుంది. రంగు మానికిన్‌కు అంటితే పోదు, ముక్కను దాని మీద పెట్టే ముందు అడుగున పారదర్శక ఫిల్మ్ వేయండి.

విద్యార్థి లోపలికి రాబోయే ముందు, గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గాజ్ (కట్టు గుడ్డ) మడతను పలుచని ప్లాస్టిక్‌లో చుట్టి మచ్చ కింద దూర్చండి. వేడి, గట్టిదనం రెండూ వస్తాయి. నీళ్లు మరీ వేడైతే జెలటిన్ కరిగి జారుతుంది.

పరీక్షలో ముందు చెయ్యి, తర్వాత కన్ను. చేతి వెనుక భాగంతో మచ్చనూ పక్క చర్మాన్నీ తాకి పోల్చాలి. గ్లవ్ ఉంటే తేడా సరిగా తెలియదు కాబట్టి చర్మం చిట్లకుండా, పొడిగా ఉంటే చేతులు కడుక్కుని వట్టి చేత్తోనే చూడవచ్చు. తర్వాత నొక్కి గట్టిదనం చూడాలి. చివర్లో తడి దూదితో అద్ది, మంచి వెలుతురులో రంగు చూడాలి. ముందే తడిపితే చర్మం చల్లబడి మొదటి పరీక్ష చెడిపోతుంది.

రోగి గొంతు ఇన్‌స్ట్రక్టర్‌దే. “పెద్దమ్మా, నొప్పిగా ఉందా?” అంటే “నొప్పేం లేదమ్మా” అనండి. మంట, దురద, సలుపు గురించి అడిగితేనే “మంటగా ఉంది సిస్టరమ్మా” అనాలి.

ప్రతి ఛాయలోనూ మచ్చ లేని ముక్క ఒకటి చేయడం మరవకండి. లేకపోతే ముదురు రంగు కనబడగానే పుండు అని రాసేస్తారు, ఇది చాలా ల్యాబుల్లో జరిగే పొరపాటే. చార్టులో “ఎరుపు లేదు” అని వదిలేస్తే మార్కులు ఇవ్వకండి: చోటు, సెంటీమీటర్లలో కొలత, పక్క చర్మంతో పోల్చిన రంగు, వేడి, గట్టిదనం, రోగి చెప్పిన మాట ఉండాలి.

4వ పాఠం: ముదురు చర్మంలో కామెర్లను ఎక్కడ వెతకాలి.