మదర్‌బోర్డు మార్చిన తరువాత విండోస్‌ను మళ్లీ యాక్టివేట్ చేసుకున్న విధానం

పిడుగు పడి నా డెస్క్‌టాప్ మదర్‌బోర్డు కాలిపోవడంతో కొత్తది బిగించి విండోస్ 11ను మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేశాను. ప్రోడక్ట్ కీ అడిగిన చోట 'నా వద్ద కీ లేదు' అన్న ఎంపికతో ముందుకు సాగాను. పని పూర్తయ్యాక తెర కుడివైపు దిగువ మూలన 'యాక్టివేట్ విండోస్' అన్న లేత అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి, అంటే నా లైసెన్సు ఇంకా నిర్ధారణ కాలేదన్నమాట.

డిజిటల్ లైసెన్సు (కీ టైపు చేయకుండానే విండోస్‌ను యాక్టివేట్ చేసే అనుమతి) యంత్రభాగాలను, ముఖ్యంగా మదర్‌బోర్డును ఆనవాలుగా పెట్టుకుంటుంది. ర్యామ్ మారిస్తే సాధారణంగా ఇబ్బంది రాదు కానీ, బోర్డు మారితే అది వేరే కంప్యూటరు కిందే లెక్క. అయితే 2016లో వచ్చిన విండోస్ 10 1607 వెర్షన్ నుంచి లైసెన్సును మైక్రోసాఫ్ట్ ఖాతాకు జతచేసుకునే వీలుంది, అదృష్టవశాత్తు నేను ఆ పని ముందే చేసి ఉన్నాను.

అదే ఖాతాతో లాగిన్ అయి, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్ తెరిచి, ట్రబుల్‌షూట్ నొక్కి, 'ఇటీవల హార్డ్‌వేర్ మార్చాను' అన్న వరుసను ఎంచుకున్నాను. పాత కంప్యూటరు పేరు జాబితాలో కనిపించినా యాక్టివేషన్ మాత్రం జరగలేదు. గంటసేపు వెతికితే తప్పు నాదేనని తేలింది: నా లైసెన్సు విండోస్ 'ప్రో' ఎడిషన్‌కు చెందినది, నేను వేసింది 'హోమ్' ఎడిషన్. ప్రో వేసి, జాబితాలో పాత పేరు పక్కన 'ఇప్పుడు వాడుతున్నది ఇదే' అని గుర్తు పెట్టగానే ఆ అక్షరాలు మాయమయ్యాయి.

నాది విడిగా కొన్న రిటైల్ లైసెన్సు కనుక ఇది సాధ్యపడింది. కంప్యూటరుతో పాటు వచ్చే ఓఈఎం లైసెన్సు మాత్రం ఆ పాత బోర్డుకే పరిమితం.