లైనక్స్ నేర్చుకుందాం – 6వ పాఠం: తాళం ఫైలుకా, డైరెక్టరీకా?

గత పాఠంలో డైరెక్టరీల మధ్య తిరగడం నేర్చుకున్నాం. ఈసారి, కమాండ్ కొట్టగానే తెరమీద కనబడే 'పర్మిషన్ డినైడ్' సంగతి చూద్దాం. కొత్తవాళ్లు చాలామంది దాన్ని చూడగానే కమాండ్ ముందు సూడో (రూట్ అనే సర్వాధికారి హక్కులతో నడిపించే కమాండ్) తగిలిస్తారు, లేదా ఫైలుకు 777 (అందరికీ అన్ని అనుమతులు) ఇచ్చేస్తారు. పని అయితే జరుగుతుంది, కానీ ఎందుకు ఆగిందో మాత్రం తెలియకుండా పోతుంది. దయచేసి ఆ అలవాటు చేసుకోవద్దు. అరగంట కూర్చుంటే ఆ సందేశం ఏం చెబుతోందో మీకే అర్థమవుతుంది.

కమాండ్లను ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను. మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. మామూలు యూజర్‌గానే ఉండండి, ఎందుకంటే రూట్‌కు ఈ తాళాలేవీ అడ్డురావు. ముందుగా 'సంచి' అనే డైరెక్టరీ, అందులో 'ఉత్తరం' అనే ఖాళీ ఫైలు చేసి, వాటి వివరాలు చూద్దాం:

ఎంకేడీఐఆర్ సంచి
టచ్ సంచి/ఉత్తరం
ఎల్‌ఎస్ -ఎల్ సంచి

ఫైలు పేరు తెలుగులోనే పెట్టవచ్చు. కాకపోతే పేరు 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిలో) తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కొక్కటీ 3 బైట్లు తీసుకుంటాయి.

వచ్చిన వరుసలో మొదట 10 గుర్తులు ఉంటాయి. మొదటిది రకం: గీత అయితే మామూలు ఫైలు, 'డి' అయితే డైరెక్టరీ. మిగతా తొమ్మిదీ మూడేసి చొప్పున యజమానికి, గుంపుకు, ఇతరులకు చెందుతాయి. చదవడానికి 'ఆర్', విలువ 4. రాయడానికి 'డబ్ల్యూ', విలువ 2. నడపడానికి 'ఎక్స్', విలువ 1. కూడితే అంకె వస్తుంది. 644 అంటే యజమాని చదువుతాడు, రాస్తాడు. మిగిలినవాళ్లు చదవడం వరకే. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి భద్రంగా వెళ్లే ప్రోగ్రామ్) వాడే రహస్య తాళంచెవి ఫైలుకు 600 పెట్టాలి. ఇతరులు చదవగలిగేలా వదిలేస్తే ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని వాడనే వాడదు.

ఇక అసలు విషయం. అనుమతులు మార్చే సీహెచ్‌ఎంఓడీ కమాండ్‌తో ఉత్తరాన్ని ఎవరూ మార్చకుండా తాళం వేసి, ఆ తర్వాత అందులో ఒక మాట రాయబోదాం:

సీహెచ్‌ఎంఓడీ 444 సంచి/ఉత్తరం
ఎకో నమస్తే > సంచి/ఉత్తరం

రాయనివ్వదు, సరే. ఇప్పుడు ఆర్‌ఎం సంచి/ఉత్తరం అని కొట్టండి. ఒకసారి అడుగుతుంది. 'వై' అంటే చాలు, ఫైలు పోతుంది! ఒక్క అక్షరం కూడా రాయనివ్వని ఫైలును మొత్తంగా ఎలా తీసేయనిచ్చింది?

డైరెక్టరీని మనం పెట్టెలా ఊహించుకుంటాం. నిజానికి అది ఒక పట్టిక. ప్రతి వరుసలో ఒక పేరు, దాని పక్కన ఐనోడ్ సంఖ్య (అసలు ఫైలును గుర్తించే సంఖ్య) ఉంటాయి. ఫైలును తొలగించడమంటే ఆ పట్టికలో ఒక వరుస కొట్టివేయడం. మనం రాస్తున్నది పట్టికలో, ఫైలులో కాదు. అందుకే చూడాల్సింది డైరెక్టరీ అనుమతిని. ఇది తిరగేసి కూడా చూడండి:

టచ్ సంచి/ఉత్తరం
సీహెచ్‌ఎంఓడీ 555 సంచి
ఎకో నమస్తే > సంచి/ఉత్తరం
ఆర్‌ఎం సంచి/ఉత్తరం

ఈసారి రాయడం కుదిరింది, తీసేయడం కుదరలేదు. నాకు ఈ ప్రయోగం చాలా ఇష్టం. పుస్తకంలో పదిసార్లు చదివినా మనసుకెక్కని విషయం ఈ నాలుగు వరుసలతో పట్టుబడుతుంది.

డైరెక్టరీకి 'ఎక్స్' అర్థం కూడా వేరు: లోపలికి అడుగుపెట్టే హక్కు. సంచికి 111 ఇస్తే ఎల్‌ఎస్ పేర్లు చూపదు, కానీ పేరు ముందే తెలిస్తే ఉత్తరాన్ని తెరవవచ్చు. 444 ఇస్తే పేర్లు కనబడతాయి, ఏదీ తెరుచుకోదు. రెండూ చేసి చూశాక 755 పెట్టి యథాస్థితికి తెచ్చుకోండి.

ఇంటిపని: /టీఎంపీ డైరెక్టరీలో అందరూ రాయవచ్చు. మనం చెప్పుకున్న లెక్క ప్రకారం ఎవరి ఫైలునైనా ఎవరైనా తీసేయగలగాలి. అలా జరగదు. ఎల్‌ఎస్ -ఎల్‌డీ /టీఎంపీ అని కొట్టి, పదో గుర్తు దగ్గర ఆగండి. అక్కడ 'ఎక్స్' బదులు 'టి' ఉంటుంది. 7వ పాఠం ఆ అక్షరంతోనే మొదలవుతుంది.